కెగ్‌లో పెట్టాక ఎన్నాళ్లు ఆగాలి?

గత సంచికలో బీరు పులియడం గురించి రాశాను. అది చదివి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు తర్వాతి సంగతే అడిగారు. పులియడం అయిపోయింది, కెగ్‌లోకి, అంటే బీరు నిలవ ఉంచే స్టీలు పీపాలోకి, పట్టాం, ఇక ఎన్నాళ్లు ఉంచాలి, ఎలా ఉంచాలి అని. నాకు నిజంగా సంతోషం వేసింది. గచ్చిబౌలిలో ఒక మైక్రోబ్రూవరీలో బ్రూవర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు పెద్ద కెటిల్ ముందు ఫొటోలు దిగుతారు, బీరుకు చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూలు చేతిలోకి తీసుకుని వాసన చూస్తారు. వెనక కోల్డ్ రూమ్‌లో వారాల తరబడి కదలకుండా ఉన్న కెగ్‌ల గురించి మాత్రం ఎవరూ అడగరు. గ్లాసులోకి వచ్చే రుచిలో సగం అక్కడే తయారవుతుందని నేను నమ్ముతాను. అందుకే ఈ నెల శీర్షికంతా వాటికే. ఇది 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం రాస్తున్న శీర్షిక అని మరోసారి గుర్తు చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది నల్లకుంట. ఉద్యోగం కోసం డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఇంట్లో బీరు చేసుకోవచ్చు కాబట్టి కొంతకాలంగా చేస్తున్నాను. 19 లీటర్ల కెగ్‌లోకి పట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, 30 పీఎస్ఐ ఒత్తిడితో గ్యాస్ ఇచ్చి బాగా ఊపుతాను. మర్నాటికల్లా చక్కటి నురగ వస్తోంది. కానీ రుచి పచ్చిగా ఉంటోంది, పచ్చి యాపిల్ కోసినట్టు వాసన. అదే కెగ్ అడుగుకు వచ్చేసరికి, అంటే మూడు నాలుగు వారాలకు, బ్రహ్మాండంగా ఉంటోంది. అప్పటికి మిగిలేది నాలుగు గ్లాసులే. తేడా ఎక్కడ వస్తోంది?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: బీరులోకి గ్యాస్, అంటే కార్బన్ డయాక్సైడ్, ఎక్కడం ఒక పని, బీరు పక్వానికి రావడం మరో పని. మీరు మొదటిదాన్ని ఒక్క రోజులో ముగిస్తున్నారు. రెండోది జరగాల్సినంత కాలం జరుగుతూనే ఉంది, మీరు మాత్రం మొదటి రోజు నుంచే తాగడం మొదలుపెడుతున్నారు. అందుకే ఆఖరి నాలుగు గ్లాసులు బాగుంటున్నాయి.

ఆ పచ్చి యాపిల్ వాసన ఎసిటాల్డిహైడ్‌ది. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే దారిలో ఆఖరి మెట్టు ముందు అది తయారవుతుంది. పులియడం జోరుగా ఉన్నప్పుడు కొంత బయటికి వచ్చేస్తుంది. జోరు తగ్గాక ఈస్ట్ మళ్లీ దాన్ని లోపలికి తీసుకుని పని పూర్తి చేస్తుంది. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్‌ది కూడా దాదాపు ఇదే కథ. ఈ శుభ్రం చేసే పనికి రెండు కావాలి: ఈస్ట్ బీరులో ఉండాలి, బీరు కాస్త వెచ్చగా ఉండాలి. బీరు సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.012 చూపించగానే, పులియడం అయిపోయిందనుకుని ఫ్రిజ్‌లో పెట్టేస్తే ఈస్ట్ నిద్రపోతుంది. చల్లదనంలోనూ ఆ పని జరుగుతుంది గానీ చాలా నెమ్మదిగా.

కాబట్టి మీ మొదటి ఎదురుచూపు కెగ్‌లోకి పట్టకముందే ఉండాలి. వరుసగా మూడు రోజులు గ్రావిటీ, అంటే ఆ సాంద్రత, మారలేదని చూశాక, ఇంకో మూడు నాలుగు రోజులు 18-20 డిగ్రీల దగ్గర ఫర్మెంటర్‌లోనే, అంటే పులియబెట్టిన పాత్రలోనే, వదిలేయండి. అయిపోయిందో లేదో తెలుసుకోవడానికి మేం బ్రూవరీలో చేసే పరీక్ష మీరూ చేయవచ్చు. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసి మూతలు పెట్టండి. ఒకదాన్ని 60-65 డిగ్రీల వేడి నీళ్లలో అరగంట ఉంచి చల్లార్చండి. రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడండి. వేడిచేసిన దాంట్లో వెన్న వాసన వస్తే, డయాసిటైల్‌గా మారబోయే పదార్థం బీరులో ఇంకా దాగి ఉందని అర్థం. మరో రెండు రోజులు ఆగండి. ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. నాలుగు వారాల తర్వాత బయటపడే లోపాన్ని అరగంటలో చూపిస్తుంది.

ఇక కెగ్ సంగతి. ముందు దాన్ని శానిటైజర్ కలిపిన నీళ్లతో అంచుదాకా నింపి, మూత బిగించి, ఆ నీళ్లను గ్యాస్‌తో బయటికి నెట్టేయండి. నీళ్లు ఖాళీ చేసిన చోటల్లా గ్యాసే ఉంటుంది, గాలి ఉండదు. తర్వాత మూత తీసి పైనుంచి పోయవద్దు. కెగ్ పైన ట్యూబు తగిలించే మొనలను పోస్ట్‌లు అంటారు, వాటిలో బీరు బయటికి వచ్చే పోస్ట్ గుండానే ట్యూబుతో అడుగు నుంచి నింపండి. ఇంత శ్రమ ఎందుకంటే, పులియడం అయిపోయిన బీరుకు గాలిలోని ఆక్సిజన్ కన్నా పెద్ద శత్రువు లేదు. ఆ రోజుకు ఏమీ తెలియదు. నెల తిరిగేసరికి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, హాప్స్ సువాసన పోతుంది. ఎన్నాళ్లు నిలవ ఉంచాలనుకుంటే అంత జాగ్రత్త ఇక్కడ పడాలి.

గ్యాస్‌ను 12 పీఎస్ఐ మీద పెట్టి, ఫ్రిజ్ 3-4 డిగ్రీల దగ్గర ఉంచి, పది రోజుల నుంచి రెండు వారాలు ముట్టుకోకండి. సుమారు రెండున్నర వాల్యూమ్‌ల గ్యాస్ ఎక్కుతుంది. అంటే లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్, బరువులో చూస్తే దాదాపు 5 గ్రాములు. అంతకుమించి ఎక్కదు, ఎందుకంటే ఆ చలికి, ఆ ఒత్తిడికి అక్కడే సమతూకం కుదురుతుంది. మీరు 30 పీఎస్ఐ పెట్టి ఊపే పద్ధతిలో ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు లేరు. పైగా ఊపినప్పుడల్లా అడుగుకు దిగుతున్న ఈస్ట్, హాప్స్ పొడి, ప్రోటీన్ ముద్దలు మళ్లీ పైకి లేస్తాయి. ఆ రెండు వారాల్లో జరిగే మేలు చాలావరకు ఈ దిగడమే. నాలుక మీద గరుకుగా తగిలేదంతా అడుగుకు చేరుతుంది. కెగ్ లోపలుండే డిప్ ట్యూబు బీరును అడుగు నుంచే లాగుతుంది కాబట్టి మొదటి గ్లాసు మడ్డిగా వస్తుంది. అది పారబోయండి, ఆ తర్వాత కెగ్‌ను కదపకండి.

ఇది మామూలు ఏల్‌కు, అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే బీరుకు, చెప్పిన లెక్క. చల్లగా పులియబెట్టే లాగర్ అయితే 0-2 డిగ్రీల దగ్గర నెల నుంచి రెండు నెలలు. ఇన్నాళ్లు ఆగడం కష్టమని నాకు తెలుసు. దానికి మందు రెండో కెగ్ కొనుక్కోవడం. ఒకటి తాగుతుండగా ఇంకోటి ఊరుతుంది. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు ఒప్పుకుంటుంది, ఇంట్లో వయసు వచ్చినవాళ్లు ఒక్కరే ఉంటే 100. రెండు కెగ్‌లు పెట్టుకున్నా ఆ హద్దు దరిదాపులకు వెళ్లరు.

ప్రశ్న: కెగ్, రెగ్యులేటర్, చిన్న ఫ్రిజ్ అన్నీ కలిపి ఒక స్నేహితుడు అమ్మేస్తున్నాడు. కొని మా ఫ్లాట్‌లోనే బీరు మొదలుపెడదామని ఉంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మొదలుపెట్టవద్దు. తెలంగాణలో లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఇప్పటికీ వర్తిస్తుంది. అమ్మడం లేదు, మేమే తాగుతాం అంటే కుదరదు. మైక్రోబ్రూవరీలకే ఇక్కడ 2015లో నిబంధనలు వచ్చాయి. ఆ దారిలో ఎన్ని అనుమతులు, ఎన్ని తనిఖీలు ఉంటాయో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

కెగ్ మాత్రం కొనండి. అది మొదట పుట్టింది కూల్‌డ్రింక్ సిరప్‌ల కోసమే. నన్నారి షర్బత్‌ను చల్లటి నీళ్లలో కలిపి, 3-4 డిగ్రీల దగ్గర 25-30 పీఎస్ఐ మీద నాలుగైదు రోజులు ఉంచండి. గోలీసోడా అంత పదునుగా వస్తుంది. నిమ్మ, అల్లం కూడా బాగుంటాయి. చక్కెర ఉన్నది ఏదైనా ఫ్రిజ్ బయట పెడితే పులియడం మొదలై కెగ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అందుకని చివరిదాకా చల్లగానే ఉంచండి. పాత కెగ్ కాబట్టి ఓ-రింగ్‌లు ఐదూ మార్చేయండి: మూతకు ఒకటి, పోస్ట్‌లకు రెండు, ట్యూబులకు రెండు. రబ్బరు పాత వాసనను వదలదు, ఎంత కడిగినా. ఇలా ఒత్తిడి, చలి, కాలం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చేతికి తెలుస్తుంది. ఏ దేశానికైనా వెళ్లి బీరు మొదలుపెట్టినప్పుడు అదే మీకు పెట్టుబడి.

ప్రశ్న: వైన్ లాగా బీరు కూడా ఎంత పాతబడితే అంత మంచిదా? మా బావగారు విదేశం నుంచి తెచ్చిన ఒక సీసా మూడేళ్లుగా హాల్లో షోకేసులో ఉంది. మంచి రోజు చూసి తెరుద్దామని ఆగాం.
– ఒక పాఠకుడు, హబ్సిగూడ

జవాబు: ఆ సీసాను ఇక జ్ఞాపకంగానే ఉంచుకోండి. తాగితే జబ్బు చేయదు, ఎందుకంటే ఆల్కహాల్, పులుపు, హాప్స్ చేదు కలిసిన చోట మనిషికి హాని చేసే క్రిములు బతకలేవు. రుచి మాత్రం మిగిలి ఉండదు.

బీరు పరిశ్రమలో 3-30-300 అని ఒక లెక్క చెబుతారు. 32 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచినా, 22 డిగ్రీల దగ్గర 30 రోజులు ఉంచినా, 3 డిగ్రీల దగ్గర 300 రోజులు ఉంచినా బీరు ఒకే మోతాదులో పాతబడుతుందని. ఇది ముతక లెక్కే, ప్రతి బీరుకూ అచ్చంగా సరిపోదు. కానీ హైదరాబాద్‌లో ఉండేవాళ్లు దీన్ని గోడ మీద రాసిపెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటే ఊరు మనది. మధ్యాహ్నం కారు డిక్కీలో వదిలేసిన బీరు ఆ ఒక్క పూటలోనే ఎంత ముసలిదైపోతుందో ఊహించండి. ఇక షోకేసులో అయితే వెలుతురు కూడా పడుతుంది. హాప్స్ చేదు మీద కాంతి పడితే కంపు పుడుతుంది. పచ్చ సీసా, తెల్ల సీసా దాన్ని ఆపలేవు.

కెగ్ ఈ రెంటిలో ఒకదాన్ని పూర్తిగా తప్పిస్తుంది. స్టీలు గుండా వెలుతురు రాదు. మూత సందుల్లోంచి మెల్లగా గాలి చొరబడే బెడద కూడా సీసాతో పోలిస్తే తక్కువ. అందుకే నిలవ ఉంచదగిన బీరు ఉంటే కెగ్‌లో, చలిలో ఉంచమంటాను.

అయితే ఏది నిలవ ఉంచదగినది? కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని పాత బియ్యం కోసం ఆగే ఇళ్లు మనవి. అలా ఆగితే బాగుపడే బీర్లు కొన్నే. 8 శాతం పైన ఆల్కహాల్ ఉన్న నల్లటి ఇంపీరియల్ స్టౌట్, బార్లీవైన్ లాంటివి. కొత్తలో వాటి ఆల్కహాల్ గొంతులో మండుతుంది, మాడిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చేదు గుచ్చుతుంది. ఆరు నెలలు, ఏడాది చల్లగా ఉంచితే ఆ అంచులు అరిగి ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ రుచులు వస్తాయి. వాటిలో అతి కొద్దిగా జరిగే ఆక్సీకరణ కూడా రుచికి కలిసివస్తుంది. గోధుమ బీరు, హాప్స్ ఎక్కువగా వేసే ఐపీఏ రకం బీరు మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐపీఏలో మనం డబ్బు పెట్టేదే హాప్స్ సువాసనకు, అది వారాల్లో తగ్గిపోతుంది. నేనైతే ఐపీఏను కెగ్‌లోకి పట్టిన రెండో వారం నుంచి రెండు నెలల లోపు తాగేయమంటాను. గోధుమ బీరు ఇంకా ముందే.

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. మా అమ్మాయి, అల్లుడు ఎప్పుడైనా బీరు తాగుతారు. బీరు తేటపడటానికి చేప నుంచి తీసినది ఏదో వాడతారని ఒక బంధువు అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మారేడ్‌పల్లి

జవాబు: మీ బంధువు చెప్పింది నిజమే, కానీ అన్ని బీర్లకూ కాదు. కొన్ని రకాల చేపల్లో గాలితిత్తి ఉంటుంది. దాన్ని ఎండబెట్టి చేసే ఐసింగ్లాస్‌ను బ్రిటన్‌లో పీపాల్లో అమ్మే బీరుకు ఎంతోకాలంగా వాడుతున్నారు. ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు కొందరు జెలటిన్ వాడతారు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. రెండూ చేసే పని ఒకటే. తేలుతున్న ఈస్ట్‌ను గుంపుగా చేర్చి అడుగుకు దింపుతాయి. అవి కూడా చాలావరకు ఆ మడ్డితోనే కిందికి వెళ్లిపోతాయి. అయినా శాకాహార నియమం పాటించేవాళ్లకు అది సమాధానం కాదని నాకు తెలుసు, మా ఇంట్లోనూ పాటించేవాళ్లున్నారు.

వీటికి బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే ఐరిష్ మాస్‌ను కాగేటప్పుడే వేయవచ్చు. తర్వాత సిలికా ద్రావణం వాడవచ్చు. అసలు ఏమీ వేయకుండా 1 డిగ్రీ దగ్గర మూడు వారాలు వదిలేస్తే చాలా బీర్లు వాటంతట అవే తేటపడతాయి. మా దగ్గర చేసేది ఇదే. ట్యాంకు అన్నాళ్లు ఆగిపోతుంది, లెక్కలు చూసేవాళ్లకు అది నచ్చదు. కానీ చలి, కాలం చేసిన తేటదనంలో రుచి కూడా గుండ్రంగా వస్తుంది, మందు వేసి దింపినదానిలో అంత రాదు. మీ అల్లుడు గారిని వెళ్లిన చోట బ్రూవర్‌నే నేరుగా అడగమనండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. ఏం వాడారో చెప్పలేని బ్రూవర్ ఉండడు.

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక బార్‌లో పనిచేస్తున్నాను. ఎండాకాలం వస్తే ట్యాప్ తిప్పగానే గ్లాసు నిండా నురగే. ఒత్తిడి తగ్గిస్తే కాసేపు బాగుండి మళ్లీ మొదలు. గ్యాస్ సిలిండర్ మీటర్ కూడా మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా చూపిస్తోంది. కస్టమర్ల ముందు టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: ఒత్తిడి తగ్గించడమే సమస్యను పెంచుతోంది. కెగ్‌లో బీరు రెండున్నర వాల్యూమ్‌ల గ్యాస్‌ను పట్టుకుని ఉంది. దాన్ని లోపలే ఉంచాలంటే 3-4 డిగ్రీల దగ్గర 12 పీఎస్ఐ కావాలి. మీరు 6కు దించితే గ్యాస్ బీరులోంచి బయటికి రావడం మొదలవుతుంది, కెగ్ నుంచి ట్యాప్‌కు వెళ్లే లైన్‌లోనే బుడగలు కడతాయి. కాసేపు బాగున్నట్టు అనిపించేది వేగం తగ్గడం వల్ల. సాయంత్రానికి నురగ తిరిగి వస్తుంది, అడుగున ఉన్న బీరు చప్పబడుతుంది.

ముందు థర్మామీటర్ తీసుకోండి. కెగ్ ఉన్న గది చూపించే అంకె కాదు, గ్లాసులో పడిన బీరు ఎన్ని డిగ్రీలు ఉందో చూడండి. గదిలో 3, గ్లాసులో 9 ఉంటే దారిలో లైన్ వేడెక్కుతోందని అర్థం. మన ఎండల్లో తొంభై పాళ్లు తప్పు ఇక్కడే ఉంటుంది. కోల్డ్ రూమ్ నుంచి కౌంటర్ దాకా లైన్‌కు తొడుగు సరిగ్గా ఉందా, పక్కన పైపులో చల్లటి గ్లైకాల్ ద్రవం తిరుగుతోందా చూడండి. కెగ్ బయటినుంచి వచ్చిన రోజే తగిలించకండి. 50 లీటర్ల కెగ్ వేడెక్కి వస్తే లోపలిదాకా చల్లబడటానికి ఒక రాత్రి చాలదు, పూర్తిగా ఒక రోజు ఇవ్వండి. ఆ రోజు ఇస్తే దారిలో కదిలిన మడ్డి కూడా కిందికి దిగుతుంది. లైన్ మురికిగా ఉన్నా నురగే వస్తుంది. రెండు వారాలకోసారి కాస్టిక్‌తో కడిగించండి.

సిలిండర్ మీటర్ సంగతి వేరు. అందులో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ద్రవం చుక్క మిగిలి ఉన్నంతసేపు మీటర్ చూపించేది ఎంత మిగిలిందో కాదు, బయట ఎంత వేడిగా ఉందో. 20 డిగ్రీల దగ్గర దాదాపు 57 బార్, 30 దగ్గర 72 బార్. 31 డిగ్రీలు దాటితే అది ఇక ద్రవంగా ఉండదు, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా కనిపిస్తోంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ను తూకం వేయండి, ఖాళీ బరువు దాని మెడ దగ్గర గుద్ది ఉంటుంది. ఎండ తగిలే చోట పెట్టవద్దు. నిలబెట్టి గోడకు గొలుసు కట్టండి.

ఇంకో విషయం మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈ గ్యాస్ గాలికన్నా బరువైనది, రంగూ వాసనా లేదు. మూసి ఉన్న కోల్డ్ రూమ్‌లో, సెల్లార్‌లో లీకైతే కింద పేరుకుంటుంది. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటు 5,000 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 5,000 పాళ్లు, దాటకూడదని ప్రమాణం. అది తెలుసుకోవడానికి అలారం ఉన్న మీటర్ పెట్టించమని యజమానిని గట్టిగా అడగండి. లోపలికి వెళ్లగానే తలనొప్పి, ఆయాసం అనిపిస్తే ఆలోచించకుండా బయటికి వచ్చేయండి. ఎవరైనా పడిపోయి కనిపిస్తే తలుపులు బార్లా తీసి సాయం పిలవండి. ఒంటరిగా లాగడానికి మాత్రం లోపలికి వెళ్లవద్దు. అలా వెళ్లినవాళ్లే రెండో మనిషిగా పడిపోతారు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటున్నాం, సొంతూరు దిల్‌సుఖ్‌నగర్. మా ఆయన ఇంట్లో 23 లీటర్ల ప్లాస్టిక్ పీపాలో బీరు చేస్తారు. గ్యాస్ సిలిండర్ లేకుండా చక్కెర వేసి మూత బిగిస్తారు. ఎంత వేయాలో ప్రతిసారీ వాదనే. పైగా ఇది పాత పద్ధతని స్నేహితులు అంటున్నారట.
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: పాత పద్ధతే, నాకు చాలా గౌరవం ఉన్న పద్ధతి. మీరున్న దేశంలో 1963 నుంచి ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. పీపాలోనే ఊరి, అక్కడినుంచే గ్లాసులోకి వచ్చే బీరును కాపాడటానికి 1971లో కామ్రా అనే సంఘమే పుట్టింది. మీ ఆయనకు ఈ మాట చెప్పండి.

చక్కెర లీటరుకు 3 నుంచి 4 గ్రాములు చాలు. 23 లీటర్లకు 70-90 గ్రాములు. సీసాల కోసం చెప్పే కొలత దాదాపు దీనికి రెట్టింపు ఉంటుంది, వాదన అక్కడినుంచే వస్తూ ఉండాలి. బిటర్ అనే బ్రిటిష్ ఏల్‌కు ఒకటిన్నర, ఒకటిముప్పావు వాల్యూమ్‌లు మించి గ్యాస్ అక్కర్లేదు. ప్లాస్టిక్ పీపా కూడా అంతకన్నా ఒత్తిడికి తయారైనది కాదు. చక్కెరను గ్లాసుడు నీళ్లలో మరిగించి చల్లార్చి ముందు పీపాలో పోసి, దాని మీదికి బీరును చప్పుడు చేయకుండా ట్యూబుతో దింపాలి. రెండు వారాలు 18-20 డిగ్రీల గదిలో, ఆ తర్వాత 11-13 డిగ్రీలుండే చోట ఇంకో రెండు మూడు వారాలు. మీ గరాజ్ చలికాలంలో ఇంకా చల్లగా ఉంటుంది. మొదటి రెండు వారాలు అక్కడ పెడితే ఈస్ట్ పనిచేయదు, చక్కెర అలాగే ఉండిపోయి బీరు తియ్యగా, గ్యాస్ లేకుండా మిగులుతుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది గ్యాస్ కాదు. చక్కెర తినడానికి ఈస్ట్ మళ్లీ లేచినప్పుడు, పోసేటప్పుడు లోపలికి దూరిన ఆక్సిజన్‌ను కూడా అదే తినేస్తుంది. సిలిండర్ గ్యాస్ ఆ పని చేయలేదు. మేమూ కొన్ని బీర్లకు, పులియడం ఇంకా కాస్త మిగిలి ఉండగానే ట్యాంకు మూసేసి దాని గ్యాస్‌ను దానిలోనే కరగనిస్తాం. స్టౌట్, బిటర్ లాంటి వాటికి నా ఓటు దీనికే. తళతళలాడే పిల్స్‌నర్ లాగర్‌కు మాత్రం వద్దు, అడుగున చేరే మడ్డి దాని అందం చెడగొడుతుంది. డాలస్ పాఠకుడి దగ్గరున్న స్టీలు కెగ్‌లోనూ ఇలా చేయవచ్చు. కాకపోతే దాని మూత ఒత్తిడి ఉంటేనే బిగుసుకుంటుంది కాబట్టి మొదట సిలిండర్‌తో ఒక్కసారి 20-30 పీఎస్ఐ కొట్టి మూత కూర్చోబెట్టాలి. లేకపోతే పుట్టిన గ్యాసంతా సందుల్లోంచి పోతుంది.

మీ పీపా సగం అయ్యాక లోపలి ఒత్తిడి చాలక ట్యాప్ గుండా గాలిని లోపలికి గుటక వేయడం మొదలుపెడుతుంది. మూత మీద చిన్న గ్యాస్ బల్బు ఎక్కించే వాల్వ్ ఉంటే అప్పుడు వాడండి. లేకపోతే గాలి తగిలిన నాలుగైదు రోజుల్లో స్నేహితులను పిలిచి ముగించేయండి.

ప్రశ్న: అమ్మా, నా వయసు 68. భువనగిరి దగ్గర పల్లె మాది, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నా. చెట్టు మీంచి దించిన కల్లు సాయంత్రానికే పుల్లబడుతుంది. మీ బీరు నెలలు ఉంటుందంటున్నారు. కల్లును కూడా ఆ కెగ్‌లో పెట్టి చల్లగా ఉంచితే నిలవ ఉండదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: బాబాయ్ గారూ, ఈ నెల వచ్చిన వాటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. తాటి కల్లయినా ఈత కల్లయినా లొట్టిలో చుక్కచుక్క పడుతున్నప్పుడే పులియడం మొదలవుతుంది. ఆ లొట్టిలో, గాలిలో, చెట్టు మీద ఉన్న ఈస్ట్‌లు, బాక్టీరియాలు అన్నీ ఒకేసారి పని మొదలుపెడతాయి. ఒకటి ఆల్కహాల్ చేస్తుంటే ఇంకోటి పులుపు చేస్తుంటుంది. ఆఖరికి గాలి తగిలి ఆల్కహాల్ కూడా వెనిగర్ అవుతుంది. బీరుకు పోసే మాల్ట్ నీళ్లను మేం గంటసేపు మరగబెడతాం, అందులో ఉన్న క్రిములన్నీ చస్తాయి. హాప్స్ చేదు చాలా రకాల బాక్టీరియాను పెరగనివ్వదు. తర్వాత మేం కోరుకున్న ఒక్క ఈస్ట్‌నే వేస్తాం. నెలలు నిలవ ఉండే బలం అక్కడినుంచి వస్తుంది. కెగ్ ఆ బలాన్ని కాపాడుతుంది, కొత్తగా ఇవ్వలేదు.

కల్లును చల్లబరిస్తే పులుపు నెమ్మదిస్తుంది, ఆగదు. తెల్లవారకముందు దించి, సున్నంతోనో చలితోనో పులియకుండా పట్టుకున్న నీరాను నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్‌లో మీరు చూసే ఉంటారు. ఆ చలి తప్పితే అదీ గంటల్లో కల్లే. మీరు అడిగినట్టు కల్లును కెగ్‌లో పోసి మూత బిగిస్తే లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, రుచి మాత్రం పుల్లబడుతూ పోతుంది. కెగ్‌కు సేఫ్టీ వాల్వ్ ఉన్నా సరే, ఆ ప్రయోగం వద్దు. ఊరికి వెళ్లినప్పుడు పొద్దున్నే చెట్టు కింద తాగి రండి.